ఎవరి కుట్ర? – రంగూను రేవు చెప్పే చరిత్ర

విదేశాలలో ఎక్కడ అలజడి రేగినా మన ఊళ్ళలో ముందుగా వినవచ్చే ప్రశ్న ఒకటుంది: “దీని వెనుక ఎవరున్నారు?” అక్కడి ప్రజలకు వచ్చిన కష్టమేమిటి, ధరలెట్లా ఉన్నాయి, చదువుకొన్నవారికి ఉద్యోగాలున్నాయా, ప్రభుత్వం ఏమి చేసింది అన్న ప్రశ్నలు ఆ తరువాత ఎప్పుడో వస్తాయి, అసలు రాకపోనూ వచ్చు. వెనుక ఎవరో ఉన్నారన్నది ముందే తేలిపోయిన సంగతి. ఆ ఎవరో ఎవరన్నదే మిగిలిన చర్చ.

నల్లపాడు పరిసరాల రైతుకు గాని విద్యార్థికి గాని ఇది కేవలం కాలక్షేపం కాదు. గుంటూరు యార్డుకు చేరే మిరపకాయలను కొనే దేశాలలో చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక ఉన్నాయి. కొలంబోలో విదేశ మారకద్రవ్యం అడుగంటినా, ఢాకాలో అంగళ్ళు మూతపడినా ఆ సంగతి ఇక్కడ టిక్కీల బేరంలో తెలిసిపోతుంది. పత్తి పండే నేలకు ఇది కొత్త అనుభవం కూడా కాదు. 1861లో అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రాల మధ్య యుద్ధం మొదలై లాంకషైరు మిల్లులకు పత్తి కరువైనప్పుడు మన దేశపు పత్తి ధర ఆకాశానికంటింది. 1865లో యుద్ధం ముగియగానే దిగిపోయింది. ఎక్కడో జరిగిన యుద్ధం ఇక్కడి రైతును కొన్నాళ్ళు ఊరించి, తరువాత అప్పులవాని ముందు నిలబెట్టింది.

కాబట్టి విదేశాల అలజడిని సరిగా అర్థం చేసుకోవడం మనకు అవసరం. కాని అర్థం చేసుకోవడానికి బదులు మనం కథ చెప్పుకొంటున్నాం. 2024 ఆగస్టు 5న షేక్ హసీనా బంగ్లాదేశ్ విడిచి వెళ్ళిన మరునాడు మా తరగతిలో విద్యార్థులు ఎంతో ఉత్సాహంగా చర్చించారు. అమెరికా గూఢచారి సంస్థ పనే అన్నవారున్నారు, పాకిస్తాన్ అన్నవారున్నారు, చైనా అన్నవారున్నారు. ప్రభుత్వోద్యోగాలలో స్వాతంత్ర్య యోధుల వారసులకు ప్రత్యేకించిన 30 శాతం వాటాను గురించి గాని, ఆ వాటాను అక్కడి హైకోర్టు జూన్‌లో పునరుద్ధరించడాన్ని గురించి గాని, జూలైలో వీధులలో జరిగిన కాల్పులను గురించి గాని ఎత్తినవారు ఒక్కరూ లేరు. ఆ కొద్ది వారాలలో చనిపోయినవారి సంఖ్య 1,400 దాకా ఉండవచ్చునని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం 2025లో అంచనా వేసింది. వారంతా ఎవరో తెర వెనుక నుండి ఆడించిన తోలుబొమ్మలేనా?

ఈ ధోరణి ఎక్కడ నుండి పుడుతుంది, ఎవరికి ఉపయోగపడుతుంది అన్నది తేల్చుకోవాలంటే, మనం ఇతరులను గురించి అల్లుకొన్న కథలను పక్కన పెట్టి, ఇతరులు మనను గురించి అల్లిన కథను చూడడం మంచిది. అటువంటి కథ ఒకటున్నది. బర్మాలో తెలుగు కూలీలు ఒక దేశాన్ని మ్రింగివేయడానికి వచ్చిన కుట్రదారులుగా ముద్రపడ్డారు. కథ మన మీదనే అల్లినది కాబట్టి అందులో అబద్ధమెంతో మనకు తేలికగా తెలుస్తుంది. నిజమెంతో తెలుసుకోవడమే కష్టం.

ఇంగ్లీషువారు 1824-26, 1852, 1885 సంవత్సరాల మూడు యుద్ధాలలో బర్మాను పూర్తిగా కబళించారు. 1937 ఏప్రిల్ 1 వరకు ఆ దేశం ఇండియాలో ఒక రాష్ట్రంగానే ఉండినది. 1869లో సూయజ్ కాలువ తెరచిన తరువాత ఐరావతీ డెల్టా బియ్యానికి ఐరోపాలో గిరాకీ పెరిగింది. అడవి కొట్టి వరి సాగు చేయడానికి బర్మా రైతు ముందుకు వచ్చాడు. కాని మిల్లులలో బస్తాలు మోయడానికి, రేవులో ఓడలు నింపడానికి చవకైన కూలి కావలసివచ్చింది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుండి ఓడలు బయలుదేరాయి. కూలీలను రప్పించడానికి ప్రభుత్వమే కొంతకాలం సొమ్ము చెల్లించింది. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల పల్లెలలో ‘రంగం పోవడం’ అన్న మాట వాడుకలోకి వచ్చింది. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువారందరికీ ‘కోరంగీలు’ అన్న పేరు స్థిరపడింది.

వెళ్ళినవారి బ్రతుకు ఎట్టిది? మేస్త్రీ ఇచ్చిన బయానాతో ప్రయాణం మొదలు. ఆ బయానా అప్పు తీరేవరకు మేస్త్రీ చెప్పిన చోటనే పని. కూలి మేస్త్రీ చేతి మీదుగానే అందాలి. అందులో అతని వాటా పోగా మిగిలినది కూలీది. ఇరుకు గదులలో వంతుల వారీగా నిద్రపోయేవారు. రేవు పని, బియ్యపు మిల్లుల పని, రిక్షా లాగడం, రంగూను నగరపు పాకీపని – ఇవీ మనవారు మ్రింగివేసిన భోగభాగ్యాలు.

అయితే బర్మావారి కంటికి కనబడినది వేరు. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మా మొత్తం మీద భారతీయులు సుమారు 10 లక్షలు, అనగా నూటికి 7గురు. కాని రంగూను నగరం ఒక్కదానినే తీసుకొంటే జనాభాలో సగానికి మించి భారతీయులే. తమ రాజధానిలో తాము తక్కువ సంఖ్య అయినారన్న బాధ బర్మావారికి కలగడంలో ఆశ్చర్యం లేదు. అది కల్పన కూడా కాదు. ప్రతి కుట్ర కథకూ ఇటువంటి నిజమైన బాధ ఒకటి పునాదిగా ఉంటుంది. పునాదే లేకపోతే ఇల్లు నిలవదు. కుట్ర కథలను మూర్ఖుల మాటలని కొట్టిపారవేసే విద్యావంతులు ఈ సంగతి గమనించడం లేదు.

1930 నాటికి ప్రపంచ ఆర్థిక సంక్షోభం బర్మాను తాకింది. వడ్ల ధర సగానికి పడిపోయింది. తలపన్ను మాత్రం తగ్గలేదు. రైతు అప్పులలో మునిగాడు. అప్పిచ్చినవారు ఎక్కువగా తమిళనాడు నుండి వెళ్ళిన నాట్టుకోట్టై చెట్టియార్లు. దిగువ బర్మాలోని 13 ముఖ్యమైన వరి జిల్లాలలో 1930లో వారి చేతిలో ఉన్న భూమి నూటికి 6 వంతులు. 1937 నాటికి అది 25 వంతులయింది. ఇది కూడా నిజమే. కాని ఆ భూమి ఏదో రహస్య సమావేశంలో వేసిన పథకం ప్రకారం చెట్టియార్ల పరం కాలేదు. ధర పడిపోతే అప్పు తీరదు. అప్పు తీరకపోతే తాకట్టు భూమి పోతుంది. ఆ చెట్టియార్లకు పెట్టుబడిలో కొంత భాగం అప్పుగా ఇచ్చినవి ఇంగ్లీషు బ్యాంకులు. వడ్లు కొనే ఐరోపా మిల్లుదారుల పెద్ద కంపెనీలు నాలుగు కలిసి 1920లలో ‘బుల్లింజర్ పూల్’ అనే కూటమి కట్టుకొని రైతుకిచ్చే ధరను అదుపులో పెట్టుకొన్నాయి. రైతు మెడ మీది చేయి రహస్యమైనది కాదు. దాని లాభనష్టాల లెక్కలు లండనులో ఏటేటా అచ్చవుతూనే ఉండేవి. కాని పెగూ జిల్లా రైతు లండను చూడలేదు. అతడు చూసినది రంగూను వీధిలో నడిచిపోయే కోరంగీని.

1930 మే నెలలో రంగూను రేవు తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఆ నెల మొదటిలోనే గాంధీని నిర్బంధించడం వలన కూలీలలో ఉద్రేకం ఉండినది. ఓడల సరకు దింపించే కంట్రాక్టర్లు సమ్మె విరచడానికి బర్మా కూలీలను పనిలోకి తెచ్చారు. ఎన్నో ఏళ్ళుగా తమ రేవులోనే తమకు దొరకని పని ఇప్పుడు దొరికిందని బర్మా కూలీలు ఆశపడ్డారు. కొద్ది వారాలకు కంట్రాక్టర్లు తెలుగువారికి రోజుకూలి కొద్దిగా పెంచడానికి ఒప్పుకొని సమ్మె పరిష్కరించుకొన్నారు. మే 26వ తేదీ ఉదయం బర్మా కూలీలు అలవాటుగా పనికి వస్తే, మీతో పని లేదు పొమ్మన్నారు. పని తిరిగి దొరికిన మనవారు వారిని ఎగతాళి చేశారు. ఇది కూడా చరిత్రే. దీనిని మనం దాచుకోకూడదు. ఘర్షణ అక్కడ మొదలై నగరమంతా పాకింది. కొద్ది రోజులలో 100 మందికి పైగా చనిపోయారు. అనేక వందల మంది గాయపడ్డారు. చనిపోయినవారిలో అత్యధికులు భారతీయులు. వేలాది మంది పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకొన్నారు.

ఈ ఘటనలో కంట్రాక్టర్లు ఏమయినారు? వారికి ఏ గాయమూ తగలలేదు. సమ్మె కట్టిన కూలీకి, పని పోయిన కూలీకి నడుమ నిలబడి ఇద్దరి చేతా లాభం పొందినవారు చిత్రంలో నుండి తప్పుకొన్నారు. మిగిలినది ఒక కథ: “కలాలు మన దేశాన్ని ఆక్రమిస్తున్నారు, మన పని, మన భూమి, మన ఆడవారు – అన్నీ వారికే కావాలి.” ‘కలా’ అన్న ఆ ఒక్క మాటలో లక్షలు అప్పులిచ్చిన చెట్టియారూ, ఆ చెట్టియారు వాకిట నిలబడడానికి కూడా అర్హత లేని తెలుగు పాకీవాడూ ఒకటైపోయారు. కుట్ర కథ చేసే మొదటి పని ఇదే. అది వర్గాన్ని చెరిపివేసి జాతిని నిలబెడుతుంది.

ఈ అల్లరుల నెత్తుటి మరకలు ఆరకముందే, మే 30న, ‘దొబమా’ – మన బర్మా – అన్న నినాదంతో బా థౌంగ్ అనే యువకుని కరపత్రం వెలువడింది. ఆ డిసెంబరులో థరవడ్డి జిల్లాలో సాయా సాన్ నాయకత్వాన రైతుల తిరుగుబాటు లేచింది. రైతులు తుపాకి గుళ్ళు తగలవన్న నమ్మకంతో పచ్చబొట్లు పొడిపించుకొని యుద్ధానికి దిగారు. సాయా సాన్‌ను 1931 నవంబరులో ఉరి తీశారు. ఇక్కడ గమనించదగినది ప్రభుత్వపు వివరణ. వడ్ల ధర, తలపన్ను, అప్పులు ముఖ్య కారణాలు కావనీ, రాజు కాదలచిన ఒక మోసగాడు చాలాకాలంగా పన్నిన పన్నాగానికి అమాయకులు లోబడ్డారనీ అధికారులు వాదించారు. అంటే కుట్ర కథ నిరక్షర రైతుకు మాత్రమే ప్రీతిపాత్రం కాదు. ఆక్సుఫర్డులో చదివిన దొరలకూ అది అంతే ప్రీతిపాత్రం. రైతు కథలో కుట్రదారు కోరంగీ. దొర కథలో సాయా సాన్. రెండు కథలలోనూ కంపెనీ కనబడదు.

రెండవ విడత అల్లర్లు 1938లో వచ్చాయి. వాటి పుట్టుక మరీ విచిత్రమైనది. మౌంగ్ ష్వే హ్పీ అనే బర్మా ముస్లిం బౌద్ధమతాన్ని నిందిస్తూ రాసిన పుస్తకం 1931లోనే అచ్చయింది. ఏడేండ్లు దానిని ఎవరూ పట్టించుకోలేదు. 1938 జూలైలో పత్రికలు దానిని వెలికితీసి, దినదినమూ ప్రచారం చేశాయి. జూలై 26న ష్వేడగాన్ దేవాలయం వద్ద సభ జరిగింది. ఊరేగింపు సూరతీ బజారు వైపు సాగింది. అల్లర్లు రంగూను దాటి ఇతర పట్టణాలకు వ్యాపించాయి. దాదాపు 200 మంది చనిపోయారు. పుస్తకం రాసినవాడు బర్మావాడు. చనిపోయినవారిలో ఎక్కువమంది ఆ పుస్తకం పేరు కూడా వినని భారతీయ ముస్లింలు. ప్రభుత్వం నియమించిన బ్రాండ్ కమిటీ విచారణ జరిపి, పుస్తకం ఒక సాకు మాత్రమేననీ, దాని క్రింద భూమి పోయిన బాధ, వలసల భయం, వివాహాల తగాదా, రాజకీయ స్వార్థం ఉన్నాయనీ తేల్చింది. ద్వేషాన్ని రగిలించిన పత్రికలను తప్పు పట్టింది.

‘కలాల వరద’ అన్న భయం ఎంతవరకు నిజం? దీని మీద కూడా విచారణ జరిగింది. జేమ్స్ బాక్‌స్టర్ 1941 నాటి నివేదికలో లెక్కలన్నీ పరిశీలించి, మొత్తం మీద చూస్తే భారతీయ కూలి బర్మా కూలిని తొలగించలేదనీ, అతనికి తోడుగా నిలిచిందనీ తేల్చాడు. వలసల ఉద్ధృతి అప్పటికే తగ్గుముఖం పట్టిందన్నాడు. కాని ఆ నివేదిక ఎవరిని మార్చింది? లెక్కలు కథను ఓడించలేకపోయాయి. ఎందువలన? లెక్క తలకు చెబుతుంది. కథ గాయానికి మందు పూస్తానంటుంది. భూమి పోయిన రైతుకు నివేదిక ఇచ్చిన ఓదార్పు ఏమీ లేదు. భూమిని తిరిగి ఇప్పించే ఉద్యమం మాత్రమే కథకు సరైన పోటీ కాగలదు.

అటువంటి ఉద్యమం కూడా అదే దేశంలో, అదే సంవత్సరంలో వచ్చింది. అల్లర్లు చల్లారిన రెండు మూడు నెలలకు, 1938 నవంబరు 30న, చౌక్, యెనాంజౌంగ్ చమురు బావుల కార్మికులు రంగూనుకు కాలినడకన బయలుదేరారు. ‘దొబమా’ సంస్థలోని వామపక్ష యువకులు వారికి అండగా నిలిచారు. డిసెంబరు 20న విద్యార్థుల ప్రదర్శన మీద జరిగిన లాఠీ ఛార్జీలో ఔంగ్ జా అనే విద్యార్థి దెబ్బలు తిని మరణించాడు. 1939 ఫిబ్రవరి 10న మాండలేలో ప్రదర్శకుల మీద కాల్పులు జరిగి 17 మంది చనిపోయారు. బర్మా పంచాంగం పేరుతో దీనిని ‘1300 విప్లవం’ అంటారు. జూలైలో ఆ దేశపు కోపం పక్కవీధి దుకాణదారు మీద పడింది; డిసెంబరులో అదే కోపం బర్మా ఆయిల్ కంపెనీ వైపు, దానిని కాపాడే ప్రభుత్వం వైపు తిరిగింది. ప్రజలు వేరు కారు, బాధ వేరు కాదు. ‘వెనుక ఎవరున్నారు’ అని అడిగినప్పుడు అల్లరి పుట్టింది; ‘మన కూలి ఎంత, వారి లాభం ఎంత’ అని అడిగినప్పుడు ఉద్యమం పుట్టింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు: చరిత్రలో నిజంగా కుట్రలు లేవా? ఉన్నాయి. బర్మా చరిత్రలోనే ఉన్నాయి. 1930ల చివర ‘థూరియ’ పత్రికను చేతిలో పెట్టుకొని భారతీయ వ్యతిరేకతను పెంచి, తరువాత ప్రధాని అయిన ఊ సా అనే నాయకుడు, 1947 జూలై 19న ఔంగ్ సాన్‌ను, ఆయన సహచరులను మంత్రివర్గ సమావేశంలోనే కాల్చి చంపించాడు. నేరం న్యాయస్థానంలో రుజువై 1948లో అతనిని ఉరి తీశారు. లేని కుట్రను చూపి ప్రజలను రెచ్చగొట్టినవాడే ఉన్న కుట్రను పన్నాడన్న మాట. అట్లాగే 1953లో ఇరాన్‌లో మొసాద్దెఖ్ ప్రభుత్వాన్ని కూలద్రోయడంలో తన పాత్రను అమెరికా గూఢచారి సంస్థ 2013లో విడుదలైన పత్రాలలో ఒప్పుకొన్నది. చిలీలో అయెందేకు వ్యతిరేకంగా అది జరిపిన రహస్య కార్యకలాపాలను 1975లో అమెరికా సెనేటు కమిటీయే బయటపెట్టింది.

అయితే ఈ రెండింటికీ తేడా ఉన్నది. నిజమైన కుట్రకు మనుషుల పేర్లు, తేదీలు, డబ్బు లెక్కలు, పరిమితమైన లక్ష్యం ఉంటాయి. అది సఫలం కావచ్చు, విఫలం కావచ్చు. రుజువులు దానిని నిలబెట్టవచ్చు, పడగొట్టవచ్చు. కుట్ర సిద్ధాంతానికి ఇవేవీ అక్కర లేదు. రుజువు దొరికితే కుట్ర ఉన్నదంటుంది. దొరకకపోతే రుజువును కూడా దాచగల పెద్ద కుట్ర ఉన్నదంటుంది. అపరాధ పరిశోధక నవలలో చివరి ప్రకరణంలో ఒక హంతకుడు దొరకక తప్పదు. పాఠకుడు పుస్తకం మూసి సుఖంగా నిద్రపోతాడు. చరిత్రలో చివరి ప్రకరణం లేదు. హంతకుడు వ్యక్తి కాక ఒక వ్యవస్థ అయినప్పుడు నవల పనికిరాదు.

పాలకులు ఈ నవలను చట్టంగా కూడా రాసుకొంటారు. 1929 మార్చిలో దేశమంతటా కార్మిక నాయకులను పట్టుకొని మీరట్‌లో పెట్టిన కేసు పేరే కుట్ర కేసు. బొంబాయి మిల్లు కూలీ ఆకలిని గురించి అందులో విచారణ లేదు. మాస్కోతో ఉత్తరప్రత్యుత్తరాలను గురించి ఉన్నది. సమ్మెలు కూలి తక్కువై రావు, ఎవరో పంపితే వస్తాయన్నది ఆ కేసు సారాంశం. స్వాతంత్ర్యం తరువాత కూడా ఈ అలవాటు పోలేదు. 1974లో సికిందరాబాదు కుట్ర కేసులో తెలుగు రచయితలే ముద్దాయిలయ్యారు. 1989లో గాని ఆ కేసు వీగిపోలేదు. ‘వెనుక ఎవరున్నారు’ అన్న ప్రశ్నను అలవాటు చేసుకొనే విద్యార్థి, తాను రేపు ఫీజుల కోసం ధర్నా చేసినప్పుడు అదే ప్రశ్నను పోలీసు నోట వినవలసివస్తుందని గుర్తుంచుకోవాలి.

మన ఇంటి లెక్క కూడా చూసుకొందాం. వామపక్షం ఈ జాడ్యానికి అతీతం అనుకోవడం ఆత్మవంచన. 1953 జనవరిలో సోవియట్ పత్రికలు వైద్యుల కుట్రను ప్రకటించాయి. నిందితులలో ఎక్కువమంది యూదులు. స్టాలిన్ చనిపోయిన నెలకే, ఏప్రిల్‌లో, అది కట్టుకథ అని ఆ ప్రభుత్వమే ఒప్పుకొన్నది. 1956లో హంగరీలో ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకీ కార్మిక మండలులు ఏర్పడినప్పుడు, సోవియట్ నాయకత్వమూ దానిని అనుసరించిన పార్టీలూ దానిని సామ్రాజ్యవాదుల కుట్రగా వర్ణించి ఊరుకొన్నారు. సామ్రాజ్యవాదులు అక్కడి అలజడిని వాడుకోజూడలేదని కాదు. కాని వాడుకోజూడడం వేరు, పుట్టించడం వేరు. మనకు నచ్చిన దేశంలో ప్రజలు లేస్తే అది విప్లవమనీ, నచ్చని చోట లేస్తే అది కుట్ర అనీ నిర్ణయించడం చారిత్రక భౌతికవాదం కాదు. ప్రజలు చరిత్ర నిర్మాతలని మనం నమ్మితే, మనకు ఇష్టం లేనప్పుడు కూడా నమ్మవలసి ఉంటుంది.

బర్మా కథ 1938తో ముగియలేదు. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపాను బాంబులు పడిన తరువాత లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటి నడిచివచ్చారు. దారిలో రాలిపోయినవారు వేలల్లో ఉన్నారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలను సైతం జాతీయం చేసినప్పుడు మరల లక్షలమంది తిరిగివచ్చారు. విశాఖపట్నంలో ‘బర్మా క్యాంప్’ అన్న పేరు నేటికీ ఆ జ్ఞాపకాన్ని మోస్తున్నది. భారతీయులు వెళ్ళిపోయారు, చెట్టియార్ల భూములు పోయాయి. కుట్ర కథ నిజమే అయితే బర్మా రైతు ఆనాటి నుండి సుఖపడవలసింది. అతని మీద సైన్యం పెత్తనం స్థిరపడింది, అంతే.

కథకు కొత్త శత్రువు కావలసివచ్చాడు. 1982 పౌరసత్వ చట్టం 1823కు పూర్వం ఆ గడ్డ మీద ఉన్నట్లు గుర్తింపు పొందిన జాతులకే పూర్తి పౌరసత్వమన్నది. అంటే ఇంగ్లీషు ఓడలు తెచ్చిన కూలీల మునిమనుమలు ఇంకా పరాయివారే. 2017 ఆగస్టు తరువాత 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. వారి మీద ద్వేషం పెంచడంలో ఫేస్‌బుక్ వహించిన పాత్రను ఐక్యరాజ్య సమితి విచారణ సంఘం 2018లో ఎత్తి చూపింది. 1938లో పత్రిక చేసిన పనిని 2017లో చేతిలోని ఫోను చేసింది; కథ మాత్రం మారలేదు – వారు వస్తున్నారు, పెరుగుతున్నారు, మ్రింగివేస్తారు.

ఈ కథను దశాబ్దాల తరబడి ఆదరించిన సమాజానికి దక్కిన ఫలితం చూడండి. 2020 నవంబరు 8 ఎన్నికలలో ఔంగ్ సాన్ సూ చీ పార్టీ ఘనవిజయం సాధించింది. ఓట్లలో భారీ మోసం జరిగిందని సైన్యం ఆరోపించింది. ఎన్నికల సంఘం ఆధారాలు లేవన్నది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అదే ఆరోపణ మీద అధికారం లాగివేసుకొన్నది. రోహింగ్యాల మీద ప్రయోగించిన ఆయుధమే చివరకు బర్మా బౌద్ధ ఓటరు మీద ప్రయోగింపబడింది. కుట్ర కథ ఎప్పుడూ ఒక శత్రువుతో తృప్తి పడదు. పరాయివానితో మొదలై ఇంటివాని దగ్గరకు వస్తుంది.

కాబట్టి బంగ్లాదేశ్‌లోనో శ్రీలంకలోనో ప్రజలు లేచారని విన్నప్పుడు మన విద్యార్థి అడగవలసిన ప్రశ్నల క్రమం మారాలి. మొదట: అక్కడి కూలి, ధర, ఉద్యోగం, అప్పు – వీటి స్థితి ఏమిటి? 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పులు చెల్లించలేనని చేతులెత్తింది. అంతకు ఏడాది ముందు రసాయనిక ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి నిషేధించి రైతు నడుము విరిచింది. ఈ రెండు సంగతులు తెలియకుండా రాజపక్స పతనాన్ని గురించి ఏమి మాట్లాడినా కథే. రెండవది: లేచినవారిలో ఏయే వర్గాలున్నాయి, వారి కోరికలేమిటి? మూడవది: ఆ అలజడిని ఎవరు వాడుకొంటున్నారు? విదేశాల ప్రశ్న, గూఢచారుల ప్రశ్న ఇక్కడ వస్తుంది, రావాలి కూడా. కాని అది మొదటి ప్రశ్న కాదు. నాలుగవది: అక్కడి బలహీనుల మీద దెబ్బ పడుతున్నదా? 2024లో బంగ్లాదేశ్‌లో హిందువుల ఇళ్ళ మీద, గుడుల మీద దాడులు జరిగిన మాట నిజం. అదే సమయంలో పాత దృశ్యాలను, వేరే చోటి దృశ్యాలను అతికించి ప్రచారం చేసిన మాటా నిజం. మొదటి నిజాన్ని చెప్పడానికి రెండవదాన్ని దాచనక్కరలేదు; రెండవదాన్ని చెప్పడానికి మొదటిదాన్ని కాదననక్కరలేదు.

ఉపాధ్యాయులమైన మన పని మరికొంత ఉన్నది. విద్యార్థి చేతిలోని ఫోనును నిందించి ప్రయోజనం లేదు. అతడు కుట్ర కథను నమ్మడం తెలివి తక్కువై కాదు. తన తండ్రి మిరప పంట ధర ఎందుకు పడిందో పాఠ్యపుస్తకం చెప్పదు, ఫోను చెబుతానంటుంది. చైనా కుట్ర అని ఒకనాడు, దళారుల కుట్ర అని ఒకనాడు చెబుతుంది. శీతల గిడ్డంగి నిలవల లెక్క, ఎగుమతుల లెక్క, విత్తనానికీ పురుగుమందుకూ పెట్టిన అప్పు లెక్క అతని ముందు పెట్టి, ఆ లెక్కల వెనుక ఉన్న సంబంధాలు చూపించగలిగితే, అతనికి కథతో అవసరం తీరుతుంది. ఆ పని చేయనంతకాలం మన విమర్శలు బాక్‌స్టర్ నివేదిక వంటివే: సత్యమైనవి, ఎవరికీ పనికిరానివి.

రంగూను రేవులో 1930 మే 26 ఉదయం ఎదురెదురుగా నిలబడినవారు ఇద్దరూ కూలీలే. ఒకడు బయానా అప్పు తీరక సముద్రం దాటినవాడు, ఇంకొకడు సొంత రేవులో పని దొరకనివాడు. వారిద్దరికీ ఆ ఉదయం ఒక్క ప్రశ్న స్ఫురించి ఉంటే చాలు: నిన్నటి దాకా నీకు, ఇవాళ నాకు ఇచ్చిన ఈ పనిని పంచుతున్నది ఎవరు? ఆ ప్రశ్న ఆనాడు ఎవరూ అడగలేదు. ఇప్పుడు మన తరగతులలో కూర్చున్నవారు దానిని ఆలస్యం చేయకుండా అడగడం నేర్చుకోవాలి.